మోకాలి నొప్పికి మందు తొడలో ఉన్నది

తాడిపత్రిలోని పాత ఇళ్లలో చాలావాటికి నేల నల్లని నాపబండలే. వేసవి మధ్యాహ్నం ఆ చల్లని బండపై పీట వేసుకొని భోజనానికి కూర్చొనుట మన ఇళ్లలో తరతరాల అలవాటు. భోజనమైన పిమ్మట నేలకు చేయి ఆనించకుండా లేచుట ఆ రోజులలో ఎవరికీ గొప్పగా తోచలేదు. నేడు ఏ వీధిలోనైనా 50 ఏళ్లు దాటిన గృహిణిని పలకరించి చూడండి. "కూర్చుంటే లేవలేనమ్మా" అను మాటే వినబడును.

నొప్పి ఒక్కసారిగా ఇంటిని ఆక్రమించదు. మొదట పీట పోయి కుర్చీ వచ్చును. తరువాత వడియాలు పెట్టుటకు మిద్దె ఎక్కుట మానుదురు. ఆపైన పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుని గుడికి పోవుట శివరాత్రికి మాత్రమే పరిమితమగును. నొప్పి ఉన్నది కనుక నడవవద్దని ఒకరు, మెట్లు ఎక్కవద్దని మరొకరు చెప్పుదురు. ప్రేమతో చెప్పు మాటలే అవి. అయితే విశ్రాంతి వలన నొప్పి నాలుగు దినాలు తగ్గినట్లు తోచినను, ఆ కాలు మాత్రం సన్నబడును. సన్నబడిన కాలు మోకాలిని కాపాడలేదు. అప్పుడు నొప్పి మరింత పెరుగును, విశ్రాంతి మరింత పెరుగును. ఈ సుడిగుండం నుండి బయటపడు మార్గం తైలపు సీసాలో కంటె తొడ కండలో ఎక్కువగా ఉన్నదని చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

కీలు, దానిని మోయు కండ

మోకాలు తనంతట తాను నిలువదు. ముందు తొడ కండరం, వెనుక తొడ కండరాలు, పిక్క, పిరుదుల కండరాలు నాలుగు వైపుల నుండి తాళ్లవలె లాగి పట్టుకొనుట చేతనే అది నిలుచును. అడుగు వేసినప్పుడు పుట్టు అదురులో అధిక భాగాన్ని ఈ కండలే స్వీకరించును. కండ బలహీనమైనచో ఆ అదురంతయు కీలులోని మృదులాస్థికి చేరును. నడుము విషయము కూడ ఇంతే. వెన్నుపూసలకు పొట్ట, వీపు, పిరుదుల కండలే కట్టు.

ఆయుర్వేదం అస్థిధాతువును వాతదోషానికి నివాసముగా చెప్పినది. కీళ్లలో చేరిన వాతాన్ని సంధిగత వాతమని వర్ణించినది. కేవలం వాతహర తైలాలతో సరిపెట్టక, వ్యాయామాన్ని దినచర్యలో ఒక విధిగా పెట్టుట మన ప్రాచీనుల ముందుచూపు. శరీరానికి స్థిరత్వమును, బలమును కలిగించు చేష్టయే వ్యాయామమనియు, దానిని మితముగా చేయవలెననియు చరకుడు సూత్రస్థానంలో చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయంలో కొలత కూడ ఇచ్చెను. బలముండి, నేయి నూనెలు గల ఆహారం తినువారు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. ఎండలు 40 డిగ్రీలు దాటు మన అనంతపురం సీమకు ఈ చివరి మాట ప్రత్యేకంగా వర్తించును.

వయస్సుతో కండ తరుగుట సహజమే. 30 ఏళ్లు దాటినది మొదలు మెల్లగాను, 60 దాటిన తరువాత త్వరగాను తరుగును. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఎముక సాంద్రత కూడ తగ్గును. "ఇంక ఈ వయస్సులో బలమెక్కడిది?" అని నిరాశపడువారి కొరకు ఒక్క పరిశోధన. అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమవాసులైన పదిమంది చేత, అందరూ 86 నుండి 96 ఏళ్ల మధ్యవారే, 8 వారాలపాటు తొడ కండలకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసిన 9 మందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగినట్లు 1990లో ప్రకటించారు. తొంభై ఏళ్ల కండ సైతం పని చెప్పినచో పెరుగుననుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

పోయిన పనులు, పోయిన తిండి

పూర్వం మన ఇళ్లలో ఎవరూ వ్యాయామమని పేరు పెట్టి చేయలేదు. తిరగలి విసురుట భుజానికి, రోకటి పోటు వీపుకు, బావి నుండి నీరు తోడుట పిడికిలికి వ్యాయామమయ్యెను. మగపిల్లలకు గరిడీలు ఉండెను. బస్కీలు, దండాలు తీసెడివారు. గ్రామాలలో గుండు ఎత్తు పందెములు జరిగెడివి. కోస్తా వైపున విజయనగరంలో వ్యాయామ శిక్షకునిగా ఉండి, మల్లవిద్యలో దేశవిదేశాల ఖ్యాతి పొందిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. బలమునకు మాంసాహారం తప్పనిసరి అని వాదించువారికి ఆయన పేరు చెప్పిన చాలును.

ఇట్లు చెప్పినంత మాత్రాన పాతకాలమంతయు బంగారమని అనుకొనరాదు. నడుము విరుగునట్లు నీరు మోసిన తల్లులకు నొప్పులు లేకపోలేదు. నేటికిని బండల పాలిషు యూనిట్లలో దినమంతయు బరువు మోయు కూలి స్త్రీకి మేము చెప్పు వ్యాయామం అవసరం లేదు. ఆమెకు కావలసినది విశ్రాంతి, కడుపునిండ తిండి. ఈ వ్యాసం మిక్సీ, గ్రైండరు, కుళాయి, స్కూటరు వచ్చిన ఇళ్లవారికి. పని తగ్గినది, మంచిదే. ఆ పని ఇచ్చిన బలాన్ని మాత్రం మరొక విధంగా సంపాదించుకొనవలసి ఉన్నది.

తిండి కూడ మారినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ నేల ఒకనాడు కొర్ర, రాగి, జొన్న, సజ్జ, ఉలవలు పండించినది. క్రమంగా మెట్టభూమిలో అధికభాగం వేరుసెనగకు పోయినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదల ఆకలి తీర్చినది; దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే వరి అన్నం గౌరవానికి, సంగటి పేదరికానికి గుర్తుగా మారి, మధ్యతరగతి ఇంట మూడు పూటలు తెల్లని అన్నమో, ఇడ్లీయో మిగిలినది. ఇప్పుడు అదే రాగులు, కొర్రలు మధుమేహం వచ్చిన పిమ్మట డాక్టరు చీటీ మీద తిరిగి ఇంటికి వచ్చుచున్నవి.

కుర్చీ నుండి లేచుటయే మొదటి పాఠం

అన్ని వ్యాయామాలలో ఒక్కటే చేయగలిగినచో ఇది చేయండి. చేతులు లేని గట్టి చెక్క కుర్చీని గోడకు ఆనించవలెను. కుర్చీ అంచుకు జరిగి కూర్చొని, పాదాలను మోకాళ్లకు కొంచెం వెనుకగా, జానెడు ఎడంగా నేలపై ఆనించవలెను. చేతులను రొమ్ముపై కట్టుకొని, తల, రొమ్ము ముందుకు వంచి, శ్వాస వదలుచు లేవవలెను. కూర్చొనునప్పుడు మనసులో మూడు లెక్కించుచు మెల్లగా దిగవలెను. చాలమంది లేచుట బాగుగనే చేసి, దిగుట మాత్రం ధబాలున కూలబడుదురు. కండకు పని చెప్పునది ఆ దిగుటయే. మోకాళ్లు లోపలికి వాలకుండ కాలివ్రేళ్ల దిశలోనే ఉండునట్లు చూచుకొనవలెను. ఊపిరి బిగబట్టరాదు, రక్తపోటు ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండవలెను.

మొదట 8 సార్లు, రెండు నిమిషాల విరామం, మరల 8 సార్లు. వారానికి మూడు దినాలు, దినం విడిచి దినం. చేతులు ఆనించక లేవలేనివారు కుర్చీపై రెండు దిండ్లు వేసుకొని ఎత్తు పెంచుకొనవచ్చును. పదిహేను దినాల తరువాత ఒక దిండు తీసివేయండి. దిండ్లు లేకుండ 12 సార్లు సులువుగా లేవగలిగిన తరువాత రెండు కిలోల బియ్యపు సంచిని రొమ్ముకు హత్తుకొని చేయవలెను. బలం పెరుగు రహస్యమంతయు ఈ కొంచెం కొంచెం పెంచుటలో ఉన్నది. ఏడాదిపాటు అదే 8 సార్లు చేసినచో తొలి రెండు నెలల లాభమే మిగులును.

కుర్చీ వ్యాయామం అసలే చేయలేనంత నొప్పి ఉన్నవారు వెల్లకిల పడుకొని, ఒక మోకాలిని మడిచి, రెండవ కాలిని నిటారుగా చాచి, తొడను బిగించి, జానెడు ఎత్తు లేపి అయిదు లెక్కించువరకు నిలిపి దించవలెను. కాలికి పదిసార్లు. నెల గడచునప్పటికి కుర్చీ దగ్గరకు రాగలరు.

నడుము నొప్పి గలవారు పడుకొని రెండు మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుమును నేల నుండి మెల్లగా లేపి దించవలెను. యోగాభ్యాసకులు సేతుబంధమని పిలుచునది దీనినే. భుజాలకు, చేతులకు గోడను నెట్టుట చాలును: గోడకు చేయిబారెడు దూరంలో నిలిచి, అరచేతులు ఆనించి, శరీరం పలకవలె ఉంచి మోచేతులు మడిచి ముందుకు వాలి తిరిగి నెట్టుకొనవలెను. కిటికీ ఊచలు పట్టుకొని మడమలెత్తి నిలుచుట పిక్కలకు మేలు. దానికే కొనసాగింపుగా ఊచలు పట్టుకొని ఒంటికాలిపై పది లెక్కించువరకు నిలిచినచో తూలి పడు భయం తగ్గును. వృద్ధులకు జారిపడుట, తుంటి ఎముక విరుగుట ఎంత కీడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటి పనిలోనే కలిసిపోవు ఒక సాధన కూడ ఉన్నది. బిందెను ఒక్క చంకన పెట్టుకొను అలవాటు వెన్నును ఒకవైపుకు వంచును. దానికి మారుగా రెండు చిన్న బకెట్లలో సమంగా నీరు పోసుకొని, రెండు చేతుల పట్టుకొని, వెన్ను నిటారుగా నడువవలెను. ఒక్కొక్క దానిలో అయిదు లీటర్లు పోసినచో చేతికి అయిదు కిలోలు. మొక్కలకు నీరు పోయునప్పుడే ఇది పూర్తియగును. పిడికిలి, భుజం, నడుము మూడును బలపడును.

వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించవలెను. నుదుట, ముక్కుపై చెమట పట్టి, నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చినచో సగం శక్తి అయినదని గుర్తు, అక్కడ ఆపవలెను. భోజనమైన మూడు గంటల వరకు చేయరాదు. చేసిన మరునాడు తొడ కండలు పట్టినట్లుండుట సహజం. మోకాలిలో నొప్పి చేయునప్పుడు కొంచెం పెరిగి, మరునాటి ఉదయానికి మామూలు స్థితికి వచ్చినచో భయం లేదు. మరునాటికి కూడ తగ్గక వాచినచో లెక్కను సగానికి తగ్గించవలెను, మానివేయరాదు.

తైలం మాటేమిటి అని అడుగుదురు. గోరువెచ్చని నువ్వులనూనె మర్దించి, వావిలాకు వేసి కాచిన నీటితో కాపడం పెట్టినచో బిగువు సడలి, హాయి కలుగును. వ్యాయామానికి ముందు ఇది మంచి సహాయం. ఎఱ్ఱబడి వేడిగా ఉన్న కీలుపై మాత్రం మర్దనం, కాపడం రెండును వద్దు. సంతలో పేరులేని పొట్లాలలో అమ్ము "కీళ్లనొప్పుల పొడుల"ను ముట్టరాదు. అట్టి పొడులలో స్టీరాయిడ్లు కలిపిన సందర్భాలు ఉన్నవి. తొలి దినాలలో అద్భుతంగా పనిచేయును. తరువాత ఎముకనే గుల్లచేయును.

కండకు ఇటుకలు

వ్యాయామం తాపీ పనివంటిది. ఇటుకలు ఆహారం నుండి రావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రకారం పెద్దలకు దినానికి శరీరపు బరువు కిలో ఒక్కింటికి 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అనగా 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. మన ఇంట పురుషులకు, పిల్లలకు వడ్డించిన తరువాత అడుగున మిగిలిన పలుచని పప్పుతో, మజ్జిగతో భోజనం ముగించు ఇల్లాలికి ఇవి అందుట కష్టం. మోకాలి నొప్పికి మందు కొనితెచ్చు భర్త, ఆమె పళ్లెంలోని పప్పును కూడ ఒకసారి చూడవలెను.

ఉలవలలో నూటికి సుమారు 22 పాళ్లు మాంసకృత్తులు. మెట్టసీమ పండించు ఈ గింజను ఎద్దులకు పెట్టి మనం ఇడ్లీ తినుచున్నాము! ఉలవలు ఉష్ణవీర్యము గలవి. వాతకఫాలను తగ్గించి పిత్తాన్ని పెంచును. కనుక ఆమ్లపిత్తం గలవారు, వేసవిలో అందరును మితంగా తినవలెను. ఉలవచారు కాచి, ఉడికిన గింజలను పారవేయు ఇళ్లున్నవి. మాంసకృత్తులలో అధికభాగం ఆ గింజలలోనే నిలుచును. వాటిని తాలింపు వేసి గుగ్గిళ్లుగా తినవలెను. రాత్రి నానబెట్టి మొలకెత్తించినచో మరింత సులువుగా అరుగును.

వేరుసెనగ దక్షిణ అమెరికా నుండి వచ్చినది కనుక చరక సుశ్రుతులకు తెలియదు; మన జిల్లాకు మాత్రం అది ఇంటిపేరయినది. ఊరిబిండి రూపంలో దినానికి గుప్పెడు, సుమారు 25 గ్రాములు తినినచో 6 గ్రాముల మాంసకృత్తులు లభించును. బూజు పట్టిన గింజలను, చేదైన గింజలను నిర్దాక్షిణ్యంగా పారవేయవలెను. ఆ బూజులోని విషం కాలేయానికి కీడు. ఇక మన ఉగ్గాని. బొరుగులలో పిండిపదార్థమే తప్ప బలం స్వల్పం. అయితే పప్పుల పొడి రెండు చెంచాలకు బదులు నాలుగు చెంచాలు, వేయించిన వేరుసెనగ గింజలు గుప్పెడు చేర్చి, మిరపకాయ బజ్జీని మానినచో అదే ఉగ్గాని మంచి అల్పాహారమగును. (బజ్జీ లేని ఉగ్గాని ఏమి ఉగ్గాని అనువారితో వాదించు ధైర్యం మాకు లేదు. వారానికొకసారి తినండి.)

ఎముకకు సున్నం, అనగా కాల్షియం కావలెను. పెద్దలకు దినానికి 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350, పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉండును. మునగాకు, అవిశాకు, పొట్టు తీయని నువ్వులు ఇందుకు ప్రసిద్ధము. ఒక పూట రాగిసంగటి, రెండు పూటల పెరుగు, ఒక గ్లాసు పాలు, వారానికి మూడుమార్లు మునగాకు పప్పు, దినానికి రెండు చెంచాల నువ్వులపొడి: ఇంతకంటె ఖరీదైన టానిక్కు అవసరం సాధారణంగా ఉండదు. గ్రుడ్డు తినువారికి దినానికొక గ్రుడ్డు మంచిదే. మూత్రపిండాల వ్యాధి గలవారు మాత్రం మాంసకృత్తులు పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను.

సున్నం ఒంటబట్టుటకు డి విటమిన్ కావలెను. దానికి ఎండ కావలెను. ఎండకు కొదవలేని సీమలో ఉండి మనకా లోటు అని నవ్వవచ్చును. తిరుపతి పరిసరాలలో 2000 తరువాతి సంవత్సరాలలో వైద్యులు జరిపిన పరిశీలనలలో ఆరోగ్యవంతులుగా కనబడు పట్టణవాసులలోను, గ్రామీణులలోను డి విటమిన్ తక్కువగా తేలినది; ఆహారంలో సున్నం కూడ తక్కువే. ఇంట నీడపట్టున ఉండు గృహిణికి లోటు కలుగుటలో వింత లేదు. చేతులకు, ముఖానికి, వీపు పైభాగానికి వారానికి నాలుగైదు దినాలు కొంతసేపు ఎండ తగులనీయవలెను.

బరువు అధికంగా గలవారు ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. శరీరం ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగులో మోకాలిపై భారం సుమారు నాలుగు కిలోలు తగ్గును. అందుకు ఉపవాసాలు వద్దు. ఉపవాసంతో కండ కూడ కరగును. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, కూర ఒక్కొక్క గరిటె పెంచినచో చాలును.

నీటిని మరువరాదు

మన ప్రాంతంలో కీళ్లనొప్పులు, మెడ, నడుము బిగుసుకొనుట అనగానే మరొక అనుమానం రావలెను. అది ఫ్లోరైడు. మనదేశంలో ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించి వర్ణించారు. అనంతపురం జిల్లాలోను బోరులు లోతుగా పోయినకొలది ఈ సమస్య కనబడినది. 1995-96 కాలంలో సత్యసాయి మంచినీటి పథకం ద్వారా జిల్లాలోని ఏడువందలకు పైగా గ్రామాలకు నీరందించుటకు గల కారణాలలో ఇదియు ఒకటి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించినచో ఆ నీరు త్రాగరాదు. మరిగించినందువలన ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరైనకొలది మరింత చిక్కబడును. ఇంట బోరునీరు త్రాగువారు ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను.

మన చింతపండు ఇక్కడ కొంత సహాయపడును. చింతపండు తినిన బాలుర మూత్రం ద్వారా ఫ్లోరైడు అధికంగా వెడలినట్లు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. పులుసు మానవలదు, అయితే చెడ్డ నీరు త్రాగుచు చింతపండును నమ్ముకొనరాదు.

ఇంటి వైద్యం చాలని సందర్భాలున్నవి. కీలు ఎఱ్ఱబడి వాచి జ్వరం వచ్చినను, రాత్రివేళ నిదురపట్టని ఎముక నొప్పి, కారణం లేక బరువు తగ్గుట ఉన్నను, కాలు తిమ్మిరెక్కి బలం పోయినను, మలమూత్రాలపై అదుపు తప్పినను, శ్రమపడినప్పుడు రొమ్ములో నొప్పి వచ్చినను వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తక్కినవారు నేడే ఒక చిన్న పరీక్ష చేసుకొనవచ్చును. కుర్చీలో కూర్చొని, చేతులు రొమ్ముపై కట్టుకొని, గడియారం చూచుచు 30 సెకన్లలో ఎన్నిమార్లు పూర్తిగా లేచి కూర్చొనగలరో ఇంట మరొకరిని లెక్కపెట్టమనండి. 60 నుండి 64 ఏళ్ల స్త్రీ 12, పురుషుడు 14 మార్లకు తగ్గినచో కాళ్లు బలహీనమైనట్లు. 70 దాటిన స్త్రీకి 10, పురుషునికి 12. వచ్చిన సంఖ్యను వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో వ్రాయండి. ఎనిమిది వారాల తరువాతి గడిలో ఒక చుక్క పెట్టుకొని, ఆ దినం మరల లెక్కించుకొనండి.